ఎర్రమన్ను అనుకున్న కందులు

బోరింగు బండ మీద నిలిచిన నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

మధ్యాహ్నం దాటింది. వనపర్తి నుంచి వచ్చి వాకిట్లో కారు ఆపాను. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది, తాళం లేదు. అంటే అమ్మ చేనికి పోయిందన్నమాట. విత్తనాలు పెడుతున్నారని తెలిసే వచ్చాను. కాళ్లు కడుక్కుని నేనూ చేనికి పోదామని బోరింగు దగ్గరికి వెళ్తే, బండ గుంటలో ఆ నీళ్లు కనిపించాయి. పక్కన గింజలు కడిగే చిల్లుల గిన్నె బోర్లించి ఉంది. దాని అంచుకు రెండు మూడు కందులు అంటుకుని ఉన్నాయి. ఒక గింజ తీసి గోటితో గీకాను. గోటికి ఎర్రటి రంగు పట్టింది, మన్ను గరుకు తగల్లేదు. వాసన చూస్తే పురుగుమందు దుకాణం ముందు నిలబడ్డట్టు అనిపించింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. ట్రాక్టరు బోల్టు విరిగితే అతికించుకోవడానికి తెలకపల్లి పోయాడు. వెనక వెల్డింగ్ చప్పుడు వినిపిస్తోంది.

"తమ్మీ, విత్తనం కందులకు ఏమన్న కలిపినవా?"

"కలిపిన అన్నా. పోయినేడు సగం సేను మురిగిపాయె గద. మురుగుకు ఒకటి, చెదలకు ఒకటి కలిపిన. ఎందుకు?"

"మిగిలిన మూట యాడ పెట్టినవ్?"

"ఇంట్ల, అర్రల. కొయ్యకు తగిలిచ్చిన."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తలుపు తీసి లోపలి అర్రలోకి చూశాను. కొయ్యకు ఖాళీ సంచి వేలాడుతోంది. పొయ్యి మీద పెద్ద గిన్నె, అడుగున ఇంత నీళ్లు, నాలుగు పగిలిన గింజలు.

"అమ్మ గుగ్గిళ్లు పోసింది" అన్నాను.

 వెల్డింగ్ చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

చేను ఊరికి దగ్గరే, కానీ బాట బురదగా ఉంది. కారు సగం దాకా పోయి దిగబడితే దిగి పరుగెత్తాను. చాలా ఏళ్లుగా నేను పరుగెత్తిన మనిషిని కాను. గట్టు మీద అమ్మ కూర్చుని ఉంది. విత్తనాలు వేయడానికి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు, ఒక పెద్దామె, ఒక నడివయసామె, కాళ్లు చాపుకుని నీళ్లు తాగుతున్నారు. మధ్యలో ఖాళీ గంప.

"తిన్నరా?" అన్నాను రొప్పుకుంటూ.

"తిన్నం సారూ. ఆలస్యంగొస్తే ఎవరు పెడ్తరు నీకు?" అని నడివయసామె నవ్వింది.

"అట్లంటవేందే, నా కొడుక్కు దాచకుండ ఉంటనా?" అని అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో పిడికెడు గుగ్గిళ్లున్నాయి. ఉడికాక వాటికి పెద్దగా రంగు లేదు. ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిరపకాయ, పైన ఇంత ఉప్పు. ఇన్నేళ్లూ తిన్న గుగ్గిళ్లలాగే ఉన్నాయి. అమ్మ చేయి నా నోటి దాకా వచ్చింది. ఆ చేతిని పట్టుకుని గింజలన్నీ దులిపేశాను. కిందపడిన తిండి వైపు, నా ముఖం వైపు అమ్మ మార్చి మార్చి చూసింది. నేను చిన్నప్పుడు అన్నం పళ్లెం తన్నినా ఆమె అట్లా చూడలేదు.

అంతకు ముందే పెద్దామె కడుపు పట్టుకుని ఒకసారి పక్కకు వెళ్లి వచ్చిందని నాకు అప్పుడు తెలియదు.

*

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఉందో లేదో నేనెప్పుడూ విచారించలేదు. విత్తనానికని ఇల్లు దాటిన గింజ మళ్లీ తిండిగింజల్లో కలవకూడదు. విత్తగా మిగిలినదాన్ని ఆ రోజే ఉడకబెట్టాలి. మొదటి పిడికెడు సాలులో వేయాలి. తర్వాత ఆ రోజు చేనులో కాలు పెట్టిన వాళ్లంతా తినాలి. ఇంకా ఉంటే పొద్దుగూకే దాకా ఆ బాటన పోయే వాళ్లకు పెట్టాలి. పెట్టేటప్పుడు ఎవరు, ఏ ఊరు అని అడగకూడదు. అడిగితే అది పెట్టినట్టు కాదు, లెక్క రాసుకున్నట్టు అని మా నాయనమ్మ చెప్పేది. నాయనమ్మ పోయాక అమ్మ ఆ పని అందుకుంది. కరువు సంవత్సరాల్లో మిగిలిన గింజలు చెంబెడు కూడా ఉండేవి కావు. అప్పుడు కూడా ఆపలేదు. తలా నాలుగు గింజలు చేతిలో పెట్టేది.

నాయన ఉన్నప్పుడు విత్తనం కందులకు ఎర్రమన్ను పట్టించేవాడు. చెరువు కట్ట అవతల నుంచి తెచ్చిన మన్నును నీళ్లలో పలచగా కలిపి, గింజలు దొర్లించి, నీడలో ఆరబెట్టేవాడు. అట్లా చేస్తే పురుగు పట్టదని నమ్మకం. మా అన్నదమ్ములిద్దరికీ ఆ రోజు చేతులు ఎర్రగా అయ్యేవి. నాయన పోయాక తమ్ముడు ఆ పని మానేశాడు. ఉత్త గింజలే చల్లేవాడు. పోయినేడు వాన ఆగకుండా పడి గింజ మురిగింది, మిగిలినదాన్ని చెదలు తిన్నాయి. అందుకని ఈసారి దుకాణంలో అడిగి రెండు మందులు తెచ్చాడు. ఇంటి వెనక పట్టా పరిచి, చేతులకు సంచులు తొడుక్కుని జాగ్రత్తగానే కలిపాడు. ఖాళీ పొట్లాలు, సీసా పిల్లలకు దొరక్కూడదని చేని గట్టున గుంత తీసి పూడ్చాడు. అన్నీ చేశాడు. అమ్మకు చెప్పాలని తట్టలేదు.

మరదలు ఇంట్లో ఉంటే ఇది జరిగేది కాదు. ఆమెది గద్వాల దగ్గర పల్లె. అక్కడ ఇంటింటా పత్తి విత్తనాల సాగు. రంగు వేసిన విత్తనం అంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ తెలుసు. మందు కలిపిన మూటను ఇంట్లోకే రానివ్వదు. చెల్లెలి కాన్పుకని కూతురిని వెంట తీసుకుని పుట్టింటికి పోయింది. పోయేటప్పుడు కూడా చెప్పి పోయింది. తర్వాత ఆమె ఫోన్‌లో మా తమ్ముడిని నిలదీస్తుంటే పక్కన నేనున్నాను.

"నేను చెప్తిని కదప్పా, మూట పశువుల కొట్టంల పైన పెట్టుమని! అర్రల ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

"కొట్టం కురుస్తుండె" అన్నాడు తమ్ముడు.  నిజంగానే కొట్టం కురుస్తుంది.

అమ్మ అర్రలోకి పోయి మూట విప్పి ఆ రంగు చూసింది. అర్రలో వెలుతురు తక్కువ. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది వానలు తగ్గాక చేయిద్దామని వాయిదా వేసుకున్నాం. రంగు చూసి ఆమెకు అనుమానం రాలేదు. తర్వాత చెప్పింది, సంతోషమైందట. చిన్నోడు నాయన తీరుకు వచ్చిండు, ఎర్రమన్ను పట్టిచ్చిండు అనుకుందట.

ఎర్రమన్ను కడిగిన నీళ్లు కాసేపు కదపకుండా ఉంచితే మన్ను అడుగుకు దిగి పైన తేట వస్తుంది. ఈ నీళ్లు తేరవు, సాయంత్రం దాకా ఉన్నా గులాబీ రంగులోనే ఉంటాయి. అమ్మ తేరే దాకా ఆగలేదు. చేనులో మనుషులు ఆకలితో ఉన్నారని కడిగింది, పారబోసింది, మళ్లీ కడిగింది, పొయ్యి మీద పెట్టింది.

*

కారును బురదలోంచి తోయించి బయలుదేరాం. నాగర్‌కర్నూల్ పోయే దారిలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. కాసేపటికి ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయింది. అది వేసవి చెమట కాదు. నోట్లో ఊట ఆగడం లేదని కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక పెద్దామె కిటికీలోంచి రెండుసార్లు వాంతి చేసుకుంది. నడివయసామె మాత్రం అడుగుతూనే ఉంది.

"సారూ, నాకేం కాలే గద. నన్నెందుకు తీస్కపోతున్నవ్? ఇంటికాడ బర్రె ఉంది."

"చూపించుకుని వద్దువుగానీ."

"గింజలు చేదున్నయ్ పెద్దమ్మా అని నేనన్న. పాత కందులు గట్లనే ఉంటయ్ తినవే అన్నది మీ అమ్మ. అందుకే రెండు పిడికిళ్లే తిన్న నేను." అంతలోనే మళ్లీ అందుకుంది. "ఎప్పుడన్న పని జేసేకాడ నోరు మూసుకోమంటరు అందరు. గియ్యాల్ల నోరున్నందుకే బతికిన."

పెద్దామె కళ్లు మూసుకునే అంది. "బతికినవో లేదో దవాఖానల చెప్తరు, నువ్వాగు."

దవాఖానలో ముగ్గురినీ వరుసగా పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరు చిన్న టార్చిలైటుతో అమ్మ కంటిపాపలు చూసి, ఏ మందో చెప్పమన్నాడు. తమ్ముడు తెలకపల్లి నుంచి ఎవరి బండి మీదో వచ్చాడు. దుకాణం వాడు ఏమిచ్చాడో అతనికి పేరు గుర్తులేదు. తెల్లపొడి ఒకటి, సీసా ఒకటి అన్నాడు. అట్లా చాలదన్నారు. అదే బండి మీద మళ్లీ చేనికి పోయి, గట్టున తాను పూడ్చిన గుంతను చేతులతోనే తవ్వి, బురద పట్టిన పొట్లాన్ని, సీసాను తెచ్చి డాక్టరు ముందు పెట్టాడు. అతను వచ్చేదాకా నేను అమ్మ మంచం పక్కన నిలబడి ఆమె ఛాతీ లేవడం, దిగడం చూస్తున్నాను. లేచిన ప్రతిసారీ ఇంకొక్కసారి లేస్తే చాలనుకున్నాను.

నేను గద్వాలలో, తర్వాత వనపర్తిలో ఒక పత్రికకు పని చేశాను. ఇట్లాంటి వార్తలు రాయడం మాకు రోజువారీ పని. కలుషిత ఆహారం తిని ఇంతమందికి అస్వస్థత. చివర్లో ఎప్పుడూ ఒకటే వాక్యం, వారి పరిస్థితి నిలకడగా ఉందని వైద్యులు తెలిపారు. ఆ సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి నాతో అదే మాట అన్నాడు. నిలకడగా ఉంది సార్. అంటే ఏమిటని అడిగాను. ఇప్పటికైతే దిగజారడం లేదు, తెల్లారే దాకా చూడాలి అన్నాడు. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు.

విరుగుడు మందు ఎక్కిన తర్వాత అమ్మకు తెలివి వచ్చింది. మొదట అడిగింది మనవరాలి గురించి.

"పాప యాడుంది?"

"గద్వాలల ఉంది గదమ్మా, వాళ్లమ్మతోని."

అమ్మ కళ్లు మూసుకుంది.  పాప ఊళ్లో ఉంటే మొదటి పిడికెడు సాలులోకి, రెండో పిడికెడు పాప చేతిలోకి పోయేది. ఏటా అంతే. పాపకు గుగ్గిళ్లంటే ప్రాణం. గౌను ఒడిలో పోయించుకుని చేనంతా తిరుగుతూ తింటుంది. వాళ్లు గద్వాల పోవడానికి ముందు రోజు, బడి పోతుంది, పిల్లను ఇక్కడే వదిలిపొమ్మని తమ్ముడు మరదలితో వాదించాడట. మరదలు వినలేదు. ఆ గొడవ జరిగినందుకు, అందులో ఆమె గెలిచినందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంకా పూర్తిగా పెట్టుకోలేదు, అమ్మ మళ్లీ కళ్లు తెరిచింది.

"పెద్దోడా. ఇంకొగామెకు పెట్టిన."

"ఎవరికి?"

"తెల్వదు. బాటన పోతుండె. సంకల పిల్ల ఉండె. చెప్పులు చేత పట్టుకోని బురదల నడుస్తుండె."

"ఎవరమ్మా ఆమె? ఏ ఊరామె?"

"అడగలే. అడగొద్దు గద."

మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్న తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఎంత పెట్టినవమ్మా?"

"దోసెడు. తిను బిడ్డా అంటె, పిల్ల పండుకుంది పెద్దమ్మా, ఇంటికి పోయినంక ఇద్దరం తింటం అన్నది. నా దస్తీల కట్టిచ్చిన." అమ్మ చేయి చాపి నా వేళ్లు పట్టుకుంది. అరచేయి ఇంకా తడిగా ఉంది. "పోరా. నాకాడేం జేస్తున్నవ్? పోయి చెప్పు, తినొద్దని చెప్పు."

*

ఆ బాట తారురోడ్డు దగ్గర తేలుతుంది. అక్కడొక చాయ్ హోటల్ ఉంది. ఒక వైపు ఆటోలు బల్మూర్ దిక్కు పోతాయి. రెండో వైపు నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి బిజినేపల్లి, వనపర్తి. హోటలతను పిల్లను ఎత్తుకున్న మనిషిని చూశాడు. ఎటు పోయిందో చూడలేదు.

"చాయ్ గిట్ల తాగితే గుర్తుంటది అన్నా. నిలబడ్డది, పోయింది. రోజు ఎంతమంది నిలబడ్తరు ఈడ."

నాకు తెలిసిన పని ఒకటే. పాత మిత్రులకు ఫోన్లు చేశాను. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, అందరి దగ్గరా నా నంబరు ఉంది. మా ఊరి బాటన గుగ్గిళ్ల మూట తీసుకున్న తల్లి, ఎవరైనా సరే, వాటిని తినవద్దు, తిని ఉంటే వెంటనే దవాఖానకు పోవాలి అని ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించారు. మర్నాడు పత్రికలో కూడా నాలుగు వరుసలు వచ్చాయి. అందులో మా పేర్లు లేవు, నేనడిగితే రాసినతను తీసేశాడు. దవాఖానల్లో విచారించారు. పిల్లతో వచ్చిన తల్లి ఎవరూ లేరన్నారు. ఇంట్లోనే ఏమైనా అయి ఉంటే అన్న ప్రశ్న ఫోన్‌కు రెండు వైపులా ఉంది. 

పక్క ఊళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మాకూ ఎవరో గుగ్గిళ్లు పెట్టిండ్రు, మేం తిన్నం, మాకేమైతది?" అని ఎవరెవరో అడిగారు. వాళ్లు తిన్నవి శనగలు, పెట్టింది ఇంకెవరో. ఒకతను మాత్రం, "విషం పెట్టి తిప్పుతున్నరట గద, ఎవరు వాళ్లు?" అని నన్నే అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మూట తీసుకున్న పిల్లతల్లి మాట ఎట్లుందని అమ్మను అడిగితే, అడవి దిక్కు మాట లెక్క ఉందని చెప్పింది. అది ఒక్కటే ఆధారం. తెల్లారి అమ్మ దగ్గర ఆమె చెల్లెలిని కూర్చోబెట్టి, నేనూ తమ్ముడూ బల్మూర్ వైపు పోయాం. నల్లమల అంచున ఉన్న గూడేలు, చిన్న ఊళ్లు తిరిగాం. చంకలో పిల్ల, చేతిలో చెప్పులు, దస్తీ గుడ్డలో కట్టిన మూట. ఈ మూడే చెప్పగలిగాం. కొన్ని చోట్ల మాట వినకుండానే తల అడ్డంగా ఊపారు. ఒక చోట కట్టెలు కొడుతున్న మనిషి గొడ్డలి కింద పెట్టి మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు.

"ఏం జేసింది ఆమె?"

"ఏం జేయలే అన్నా" అన్నాడు తమ్ముడు. "మేమే."

"మీరేం జేసిండ్రు?"

తమ్ముడు మొత్తం చెప్పాడు. ఎర్రమన్ను దగ్గర నుంచి చెప్పాడు. ఆ మనిషి విన్నాడు.

"ఇద్దరు మనుషులు కారేసుకోని వచ్చి, పిల్లను ఎత్తుకున్న ఆడమనిషి యాడుందని అడుగుతున్నరు. ఉన్నా చెప్తమా? పోలీసోళ్లో, ఇంకెవరో మాకేం తెలుసు?"

అతను తప్పుగా అనలేదు. మేమే అతని చోట ఉంటే అదే అనేవాళ్లం. మేం ఎంత ఆత్రంగా అడిగితే వాళ్లకు అంత అనుమానం వస్తోందని నాకు అప్పటికి అర్థమైంది. కానీ మెల్లగా అడగడం మా ఇద్దరికీ చేతకావడం లేదు. చివరికి నంబరు చెప్పి, ఎవరన్నా బాగోలేకపోతే ఫోన్ చేయించమని బతిమాలాం. అతను సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కుకున్నాడు. పేరు ఏమని పెట్టుకోవాలని అడిగాడు. కందులోళ్లు అని పెట్టుకో అన్నాడు తమ్ముడు.

అక్కడే, ఆ ఇంటి చూరు కింద, ఒక ముసలామె ఈ మాటలన్నీ వింటూ కూర్చుంది. మేం లేస్తుంటే, "ఎండ ఉంది, కూసోండ్రి" అని లోపలికి పోయి, రెండు గిన్నెల్లో జొన్న గటక పోసుకుని వచ్చింది. పైన మజ్జిగ, పక్కన ఉల్లిగడ్డ. మా పేర్లు అడగలేదు. ఏ ఊరని కూడా అడగలేదు.

గిన్నె అందుకున్నాను. పెదాల దాకా తెచ్చాను. అక్కడ నా చేయి ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, గటక వాసన బాగుంది, అయినా గుటక వేయలేదు. ఏ నీళ్లతో కాచిందో, ఏ గిన్నెలో పోసిందో, పక్కన ఆ మూలలో ఉన్న సీసా ఏమిటో అని నా కళ్లు వెతుకుతున్నాయి. అది కిరోసిన్ సీసా. ముసలామె నా ముఖం చూస్తోంది. బహుశా ఆకలి లేదనుకుని ఉంటుంది. తమ్ముడు తల ఎత్తకుండా మొత్తం తాగి, గిన్నె కడిగి ఆమె చేతికి ఇచ్చాడు. అప్పుడు నేనూ తాగాను. చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. కారు ఎక్కాక తమ్ముడు స్టీరింగ్ మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. అతని వీపు మీద చేయి వేశాను. 

*

ముగ్గురూ ఇంటికి వచ్చారు. నడివయసామె అందరికన్నా ముందు, పెద్దామె తర్వాత, అమ్మ ఆఖరున. నడివయసామె పోయేటప్పుడు నన్ను దవాఖాన వరండాలో ఆపింది.

"పేపర్ల మా ఫొటో ఏస్తరనుకున్న సారూ. ఏయకపాయిరి."

"ఎందుకేస్తరు, పేర్లే రాయలేదు."

"పోనీ తియ్. గీ నైటీ మీద దిగితే ఇజ్జత్ పోవు."

వాళ్ల ఇళ్లకు నేనూ తమ్ముడూ పోయి వచ్చాం. పెద్దామె కొడుకు మొదట మా ముఖం చూడలేదు. తర్వాత లోపలి నుంచి మంచం తెచ్చి వేశాడు. ఇప్పటికీ ఆ ఇద్దరూ మా చేనుకే వస్తారు. మధ్యాహ్నం సద్ది మాత్రం వాళ్లదే తెచ్చుకుంటారు. 

గద్వాల నుంచి మరదలు వచ్చిన రోజు పాప నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, "గుగ్గిళ్లు నాకెందుకు దాయలె?" అని అడిగింది. అమ్మ పాప ముఖమంతా చేతులతో తడిమింది. మరదలు వెళ్లి అర్ర కడిగింది. కొయ్యను గోడ నుంచి పీకేసింది.

ఇప్పుడు నేను వారానికోసారి ఊరికి పోతాను. తెల్లవారి అమ్మ బోరింగు కొట్టే చప్పుడుకు మెలకువ వస్తుంది. చాలా ఏళ్లు ఆ చప్పుడుకు నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఇప్పుడు పడుకునే వింటాను. అమ్మ దగ్గుతుంది, కోళ్లను తిడుతుంది, పాపను బడికి లేపుతుంది. ఇవన్నీ ఉన్నాయి. ఏదీ పోలేదు. అట్లా అనుకుని సంతోషపడబోయేసరికి, ఇట్లాంటి ఇంకో ఇంట్లో, ఇట్లాంటి ఇంకో పిల్ల పొద్దున్నే లేచిందా అన్న ఆలోచన వస్తుంది. మా పాప ఒడిలో పడాల్సిన గింజలు ఆ పిల్ల తల్లి చేతికి పోయాయి. మా ఇల్లు నిలబడిందని దండం పెట్టుకోవడానికి చేతులు ఎత్తితే ఆ సంగతి కూడా వాటితో పాటే లేస్తుంది.

నడివయసామె ఒకసారి అమ్మతో అంది. "చేదుంటది పెద్దమ్మా, చిన్నపిల్ల నోట్ల పెట్టంగనే ఊంచేస్తది. ఆమె గూడ ఒక్కటి కొరికి పారేసి ఉంటది." అమ్మ ఆ మాట నమ్మాలని చాలా ప్రయత్నించింది. నాలుగు రోజులు అందరికీ అదే చెప్పింది. తర్వాత ఒక పొద్దు చాయ్ తాగుతూ, "నేను ఉప్పు, కారం మంచిగేసిన. చేదు తెల్వదు" అంది.

మళ్లీ విత్తనాల కాలం వచ్చింది. తమ్ముడు విత్తనానికి మందు చేనులోనే కలిపి, మిగిలినది కూడా చేనులోనే వేసి వచ్చాడు. ఇంటికి గింజ రాలేదు. పద్ధతి అక్కడితో ఆగిపోతుందని నేననుకున్నాను. అమ్మ తిండికని పెట్టుకున్న కందుల్లోంచి కొన్ని తీసి, మరదలిని ముందు కూర్చోబెట్టి చూపించి, ఆమె సరే అన్నాక ఉడకబెట్టింది. మొదటి పిడికెడు తనే తిని, చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత గంప ఎత్తుకుని బాట పక్కకు పోయింది.

నేను కొంచెం దూరంలో గట్టు మీద ఉన్నాను. బాటన మనుషులు వస్తున్నారు. అమ్మ ఒక్కొక్కరినీ ఆపి, చేతిలో పెట్టకముందే అడుగుతోంది.

"నీ పేరేంది బిడ్డా? ఏ ఊరు? మీ ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

చెప్పిన వాళ్లకు పెట్టింది. ఇవన్నీ ఎందుకని విసుక్కున్న వాళ్లకూ పెట్టింది. పిల్లను ఎత్తుకున్న ఆడమనిషి ఎవరైనా దూరంగా కనిపిస్తే గంప కింద పెట్టి లేచి నిలబడేది. దగ్గరికి వచ్చాక మళ్లీ కూర్చునేది.

బల్మూర్ వైపు నుంచి ఫోన్ రాలేదు. దవాఖానల్లో అట్లాంటి కేసు వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు. ఏ ఊరి వార్తలోనూ రాలేదు. వార్త రాకపోవడానికి ఎన్ని కారణాలుంటాయో వార్తలు రాసిన వాడిగా నాకు తెలుసు కనుక, అందులో నాకు ధైర్యమేమీ దొరకలేదు. అమ్మ దస్తీ నీలం రంగుది, ఒక అంచు కాలి ఉంటుంది. అందులో దోసెడు కందులు కట్టి ఇచ్చింది. ఆ మూటను ఎవరు విప్పారో, అసలు విప్పారో లేదో, ఈ రోజుకూ మాకు తెలియదు.